ఇంకా మూడు మెట్లున్నాయి

2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు నేను హైదరాబాదులో మా ఇంటి సోఫాలో కూర్చుని వరదలో మునిగిపోతున్నాను. నవ్వకండి, నిజంగా అలాగే ఉంది నా పరిస్థితి. టీవీలో ఒక పక్క భద్రాచలం, ఇంకో పక్క ధవళేశ్వరం, కింద ఎర్ర పట్టీ మీద పరుగెడుతున్న అక్షరాలు, వెనకాల గుండెలదిరే సంగీతం. భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటిందన్నారు. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు. ఆ నీళ్ళన్నీ మా ఊరి గట్టు పక్కనుంచే సముద్రానికి పోవాలి. ఆ గట్టుకి ఇవతల పెంకుటింట్లో మా అమ్మ ఒక్కతే ఉంది.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఏడోసారికి ఎత్తింది.

"ఏంట్రా అబ్బాయ్, అన్నిసార్లు కొట్టావు? రేవుకెళ్ళాను."

"రేవుకా! ఇక్కడ టీవీ చూస్తుంటే నాకు చెమటలు పడుతున్నాయి, నువ్వు రేవుకెళ్ళావా?"

"నీకు టీవీలో కనపడతంది, నాకు గట్టు మీద కనపడతంది. గోదారమ్మకి పసుపు కుంకుమ ఇచ్చొచ్చాను. ఇంకా మూడు మెట్లున్నాయి. అన్నం తిన్నావా?"

ఆ మూడు మెట్ల సంగతి చెప్పాలంటే మా మామ్మ దగ్గర్నుంచి మొదలెట్టాలి.

మాది కోనసీమలో గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఒక పల్లెటూరు. ఊరికీ ఏటికీ మధ్య ఏటిగట్టు, గట్టు దిగితే రేవు. రేవుకి పదిహేడు రాతి మెట్లు. వేసవిలో పదిహేడూ కనపడతాయి, వాటి కింద ఇసుక కూడా. ఎర్రనీళ్ళు వచ్చాక అడుగు మెట్టు నుంచి ఒక్కొక్కటే మాయమవుతుంది. ఇంకా పది మిగిలాయంటే ఏటి మధ్య లంకలో పశువులు గట్టెక్కాలి. ఏడు మిగిలాయంటే లంకలో మనుషులు గట్టెక్కాలి. మూడే మిగిలాయంటే మా వీధి వాళ్ళం సర్దుకోవాలి. ఈ లెక్క ఏ కాగితం మీదా ఉండదు. మామ్మకి ఆవిడ అత్తగారు చెప్పారట.

వరద రోజుల్లో మామ్మ పొద్దున్నే ఇత్తడి కుంకుమ భరిణె, కాస్త పసుపు, పెరట్లో నందివర్ధనాలు నాలుగు కొంగులో వేసుకుని రేవుకి బయల్దేరేది. వెనకాల నేను. నీళ్ళ దగ్గర వంగి పసుపు, కుంకుమ, పూలు వదిలి, "వచ్చావు తల్లీ, చూశాం, చల్లగా సముద్రంలో కలువు" అని దణ్ణం పెట్టుకునేది. చుట్టపుచూపుకొచ్చిన పెద్దావిడతో మాట్లాడినట్టే ఉండేది ఆ గొంతు. దణ్ణం అయ్యాక నా పని. కొబ్బరి ఈనె ఒకటి సరిగ్గా నీటి అంచున, మెట్టు సందులో గుచ్చాలి. ఇంటికెళ్ళి చద్దన్నం తిని మళ్ళీ రావాలి. "ఈనె ములిగిందా, నుంచుందా?" అని అడిగేది మామ్మ. మునిగిందంటే ఎంత మునిగింది, బెత్తెడా, జానెడా? నేను చెప్పేది విని, దాన్నిబట్టి ఇంట్లో పనులు మార్చేది. ఆవిడ రేవుకొచ్చేది దణ్ణానికా, లెక్కకా అని ఆ రోజుల్లో నాకు అనుమానంగా ఉండేది. ఒకసారి అడిగాను కూడా. "రెండిటికీ ఒకటే దారి కదరా, రెండుసార్లెందుకు తిరగడం!" అంది.

ఇంట్లో ఇంకో ఆధారం తాతయ్య రేడియో. తోలు తొడుగేసిన ట్రాన్సిస్టరు. పొద్దున 6:45కి విజయవాడ కేంద్రం నుంచి ప్రాంతీయ వార్తలు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. మా వైపు పిల్లలకి ఇవి ఎక్కాల్లాగా నోటికొచ్చేస్తాయి. వార్తలు అవగానే తాతయ్య టక్కున రేడియో కట్టేసేవాడు. బ్యాటరీలు అయిపోతాయని. నీరసించిన బ్యాటరీల్ని అరుగు మీద ఎండలో ఆరబెట్టి ఇంకో వారం లాగించే రోజులు కదా అవి. ఇప్పుడు తల్చుకుంటే ఆ పిసినారితనం మాకెంత మేలు చేసిందో అనిపిస్తుంది. రోజుకి పది నిమిషాలే భయం. మిగతా రోజంతా పని.

అలాగని ఊళ్ళో పుకార్లకి కరువేం లేదు. 1979లో అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడిపోతుందన్నప్పుడు నాకు అయిదేళ్ళు. నాకు గుర్తున్నది కొంచెం, అమ్మ చెప్పగా విన్నది ఎక్కువ. ఎలాగూ పోతాం కదా అని జనం ఉన్న కోళ్ళన్నీ కోసుకు తినేశారు. అప్పు చేసి మరీ గారెలు, బూరెలు వండుకున్నారు. మా వీధిలో ఒకాయన ఉన్న గొర్రెపోతుని కూడా కోసేశాడు, తర్వాత ఏడాదంతా దాని గురించే ఏడ్చాడు. మా ఇంట్లో కూడా పెట్టని కోద్దామని తాతయ్య అంటే మామ్మ ఒప్పుకోలేదు. "పెట్ట పొదుగులో ఉంది. ఇంకో నాలుగు రోజుల్లో పిల్లలు దిగుతాయి. పొదిగే పెట్టని కోస్తారా ఎవరన్నా?" అంది. ఆకాశం విరిగి మీద పడుతుంటే ఈవిడకి కోడిపిల్లల లెక్కేంటని అందరూ నవ్వారట. జూలై 11 బుధవారం రాత్రి స్కైలాబ్ ముక్కలు ఎక్కడో హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాలో పడ్డాయి. మా పెట్ట పదకొండు పిల్లల్ని దింపింది. కోళ్ళన్నీ అయిపోయిన ఊళ్ళో ఆ పదకొండింటికీ వచ్చిన గిరాకీ అంతా ఇంతా కాదు. మామ్మ ఊరికే ఇవ్వలేదు, డబ్బులు తీసుకునే ఇచ్చింది.

ఇవన్నీ చెప్తుంటే మా మామ్మని ఏదో మహాయోగినిలా చూపిస్తున్నానేమోనని భయంగా ఉంది. ఆవిడకి కోపం, చాదస్తం, పక్షపాతం అన్నీ ఉండేవి. పెద్ద కొడుకు పిల్లలకి పెద్ద ముక్క, మాకు చిన్న ముక్క. కానీ భయం విషయంలో ఆవిడ పద్ధతి వేరు, అదొక్కటే చెప్తున్నాను.

1986 ఆగస్టు 15న బళ్ళో జెండా ఎగరేసి బిళ్ళలు పంచారు. నాకు పన్నెండేళ్ళు. బిళ్ళ బుగ్గన పెట్టుకుని ఇంటికొచ్చేసరికి ఇల్లు ఇల్లులా లేదు. బియ్యం మూటలు అటకెక్కాయి. విత్తనాల బస్తా బండి మీద ఉంది. గేదెల పలుపులు విప్పి పాలేరుతో మెరక మీదికి తోలించేశారు. మామ్మ ఆవకాయ జాడీ మూతికి గుడ్డ కడుతోంది. "ఏమైంది?" అన్నాను. "మూడు మెట్లు" అంది.

గట్టుండగా ఏమవుతుందని ఊళ్ళో చాలామంది ధీమా. మాకు నాలుగిళ్ళ అవతల ఒక పెద్దాయన అరుగు మీద వాలుకుర్చీ వేసుకుని, "స్వామి ఉన్నాడు, నేను కదలను" అని భీష్మించుకు కూర్చున్నాడు. అందరూ బతిమాలారు. మామ్మ బతిమాలలేదు. ఎదురుగా నిలబడి, "నీ మొండితనానికి దేవుడి పేరెట్టకు బాబాయ్. లెగు" అంది. ఆయన గొణుక్కుంటూనే లేచాడు. ఇంట్లోంచి ఇంకేం తేలేదు, వాలుకుర్చీ ఒక్కటి నెత్తిన పెట్టుకుని హైస్కూలు మేడకి నడిచాడు.

16వ తేదీ రాత్రి మా ఊరికి ఎగువన గట్టు తెగింది. ఆ చప్పుడు ఎలా ఉందంటే ఏం చెప్పను. మా కోనసీమకి రైలు లేదు, రైలు చప్పుడని పోల్చడానికి. చీకట్లో ఏదో పెద్దది ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక మూలుగు, ఆ తర్వాత కొబ్బరితోటల్లోంచి నీళ్ళు నడిచొస్తున్న గలగల. తెల్లారేసరికి మా ఇంటి పెంకులు, వాటి మీద ఒక పిల్లి. ఆ వరదలో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పోయిందని తర్వాత తెలిసింది. మేడ మీద మాకు తెలిసిందల్లా ఎటు చూసినా ఎర్రగా నీళ్ళు.

మా అమ్మ అప్పుడు బాగా పిరికిది. ఇది రాస్తానంటే ఒప్పుకుంది, అందుకే రాస్తున్నాను. గోడకి చేరగిలి ఆగకుండా ఏడుస్తోంది. నాన్న లంకలో చిక్కుకున్న వాళ్ళకోసం పడవ మీద వెళ్ళాడు, ఇంకా రాలేదు. మామ్మ అమ్మని ఊరుకోమనలేదు. పొయ్యి దగ్గరికి లాక్కెళ్ళి గరిటె చేతికిచ్చి, "ఏడుస్తూ అయినా గంజి కాయమ్మా. పిల్లలు ఆకలితో ఉన్నారు" అంది. మేడ మీద నూట ఎనభై మంది దాకా ఉన్నాం. అమ్మ ఏడుస్తూనే గంజి కాసింది. మధ్యాహ్నానికి ఏడుపు ఎప్పుడు ఆగిందో అమ్మకే తెలీదట. నాన్న సాయంత్రం వచ్చాడు. సాయంత్రం దీపం వేళకి మామ్మ ప్రమిద లేక బొగ్గుల డబ్బా మూతలో నూనె పోసి, నీళ్ళ వైపు తిప్పి పెట్టింది. ఆకలని వచ్చినవాళ్ళకి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి గన్నవరానికి పక్కవాళ్ళం కదా, గంజి మిగిలినా దీపం కొడిగట్టినా మా వైపు ఆడవాళ్ళు ఊరుకోరు.

1995 సంక్రాంతి ముందు పాశర్లపూడి గ్యాసు బావిలో బ్లోఅవుట్ అయ్యి, అంటే గ్యాసు అదుపు తప్పి పైకి తన్నుకొచ్చి, మంట ఎగసింది. జనవరి 8 నుంచి 65 రోజులు. రాత్రిళ్ళు మా దొడ్లో సూది పడితే కనపడేంత వెలుగు. కోళ్ళు అర్ధరాత్రి కూసేవి. దాని గురించి వేరే రాయాలి, ఇక్కడ వద్దు.

ఆ మరుసటి ఏడు తుపాను. 1996 నవంబరు 6, దీపావళికి నాలుగు రోజుల ముందు. మధ్యాహ్నం దాకా మేడ మీద టపాసులు ఎండలేక ఎండుతున్నాయి. రాత్రి గాలి లేచింది. ముందు ఒక వైపు నుంచి కొట్టి కొట్టి, నడిమధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దం. అయిపోయిందనుకుని పక్కింటాయన టార్చిలైటు పట్టుకుని బయటికొచ్చాడు. మామ్మ కిటికీలోంచి కేకేసింది, లోపలికి పొమ్మని. అరగంటలో గాలి రెండో వైపు నుంచి తిరగబడింది. కొబ్బరిచెట్లు పడుతుంటే నేల అదిరేది. ఒకటి, రెండు, ఇంకోటి.

ఆ రాత్రి మామ్మ భయపడటం మొదటిసారి చూశాను. మంచం కింద నా పక్కన కూర్చుని విష్ణు సహస్రనామం మొదలెట్టింది. నలభై ఏళ్ళుగా రోజూ చదువుకునే మనిషి, మధ్యలో ఒకచోట ఆగిపోయింది. "మర్చిపోయానురా" అంది చిన్నపిల్లలా. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. అలా నాలుగుసార్లు. ఆవిడ గోళ్ళు నా మణికట్టులో దిగిపోయాయి, గుర్తులు వారం రోజులున్నాయి. ఆ నాలుగోసారి కూడా పూర్తవలేదనుకుంటా. ఈలోగా తెల్లారింది.

ఆ ఒక్క రాత్రి వెయ్యి మందికి పైగా పోయారు. మాకు మనుషులు మిగిలారు. అరవై చెట్లలో పదకొండు మిగిలాయి. దీపావళికి ఊళ్ళో కరెంటు లేదు, టపాసులు నానిపోయాయి. మామ్మ పడిపోయిన ఒక మొద్దు మీద ప్రమిద పెట్టి, అక్కడే నిలబడి నాన్నతో దెబ్బలాట పెట్టుకుంది. కొత్త మొక్కలు ఎంత ఎడంగా వెయ్యాలని. ఆవిడకప్పుడు 74. కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. నాన్న గట్టిగా ఏమీ అనలేక తల ఊపాడు.

మామ్మ 2001లో పోయింది. టీవీలో రాత్రీ పగలూ వార్తలొచ్చే కాలం చూడలేదు. ఆవిడ ఎరిగిన టీవీ వార్తలంటే సాయంత్రం ఏడింటికి దూరదర్శన్‌లో వచ్చేవే. అవి అవగానే అమ్మ టీవీ మీద పూలు కుట్టిన గుడ్డ కప్పేసేది. దేవుడి గదికి తెరేసినట్టు.

2004 తర్వాత ఆ గుడ్డ ఎక్కడికి పోయిందో తెలీదు. తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తా ఛానళ్ళు వచ్చాయి. మొదట్లో మోజుగా చూశాం. తర్వాత మనం చూస్తున్నామో, అవి మనల్ని పట్టుకున్నాయో తెలీకుండా పోయింది. నా సంగతే చెప్తాను. పొద్దున లేవగానే వార్తలు, అన్నం తింటూ వార్తలు, పడుకునే ముందు చర్చలు. పక్క రాష్ట్రంలో బోరుబావిలో పిల్లాడు పడితే మూడు రోజులు నాకు నిద్ర లేదు. పాపం అనుకోవడం తప్పు కాదు, కానీ నేను చెయ్యగలిగింది ఏమైనా ఉందా? ఆ పది నిమిషాల రేడియోలో భద్రాచలం పెరిగిందంటే మామ్మకి వెంటనే పది పనులు తగిలేవి. నాకు టీవీ ముందు కూర్చోవడం తప్ప ఏ పనీ తగిలేది కాదు. 2012 డిసెంబరు 21న యుగాంతం అని నెలరోజులు ఊదరగొట్టారు చూడండి, అప్పుడు ఇంకో విచిత్రం గమనించాను. రాత్రి తొమ్మిదింటికి ప్రపంచం ఎలా మునుగుతుందో చూపించిన ఛానల్లోనే పొద్దున ఆరింటికి సర్వరక్షా కవచం అమ్ముతున్నారు, ఇప్పుడే ఫోన్ చేస్తే ఉంగరం ఉచితం. భయమూ వాళ్ళదే, భక్తీ వాళ్ళదే. నడుమ మనం.

కరోనా వచ్చినప్పుడు అమ్మ కూడా అందులో పడింది. నాన్న అప్పటికి లేడు. 2020 మార్చి నుంచి పొద్దస్తమానం టీవీయే. ఏ జిల్లాలో ఎన్ని కేసులో నాకు ఫోన్లో వల్లించేది. పాలవాడిని గేటు దగ్గరే ఆపేసేది, పాలు మూడుసార్లు కాచేది, రాత్రి మూడింటికి లేచి కూర్చునేది. బీపీ మాత్ర ఒకటి రెండయింది. ఏప్రిల్‌లో ఒక గాలివానకి కేబుల్ వైరు తెగింది. లాక్‌డౌన్ కదా, కేబుల్ అబ్బాయి రాలేకపోయాడు. మొదటి రెండు రోజులు అమ్మ కాలు గాలిన పిల్లిలా తిరిగిందట. మూడోరోజు దొడ్లో బీరపాదుకి పందిరేసింది. ఎనిమిదో రోజు కేబుల్ అబ్బాయి ఫోన్ చేసి "రేపు వచ్చి కలిపేస్తానండి" అంటే, "తొందరేం లేదు బాబూ, నువ్వు జాగ్రత్త" అందట. ఆ తర్వాత కలిపించుకుంది కానీ, ఏడింటికి పెట్టి ఏడున్నరకి కట్టేయడం పట్టుబట్టి మొదలెట్టింది. పూలు కుట్టిన గుడ్డ లేదు, పాత తువ్వాలు కప్పింది.

2021 మేలో నాకే వచ్చింది. ఆసుపత్రుల్లో మంచాల్లేని రోజులు. ఇంట్లోనే ఒక గదిలో ఉన్నాను. అమ్మ రావడానికి లేదు. రోజూ సాయంత్రం దీపం పెట్టాక ఫోన్ చేసి మూడే అడిగేది. "ఏం తిన్నావు? జ్వరం ఎంత? ఆక్సిజన్ ఎంత?" నేను అంకె చెప్తే, "ఆ, రాసుకున్నాను, పడుకో" అనేది. టీవీలో చూసినవేమీ చెప్పేది కాదు. ఒకరోజు 91 అని చెప్పాను. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత మామూలు గొంతుతోనే, "బోర్లా పడుకో. డాక్టరు గారికి ఇప్పుడే ఫోన్ చెయ్యి. చేసి నాకు చెప్పు" అంది. చేశాను. వారం తర్వాత గట్టెక్కాను.

ఇప్పుడు మళ్ళీ ఆ సోఫాకి వద్దాం. "ఇంకా మూడు మెట్లున్నాయి" అని అమ్మ అన్నాక, చిన్నప్పటి లెక్క నాకు తట్టడానికి ఒక నిమిషం పట్టింది. "మూడంటే సర్దుకోవాలి కదే!" అన్నాను. "సర్దేశాను. బళ్ళో మేడ మీద చాప కూడా వేసొచ్చాను. రెండో మెట్టుకొస్తే ఎక్కేస్తాను. ఆయ్, నువ్వు ఆ టీవీ కట్టేసి అన్నం తిను" అని పెట్టేసింది.

టీవీ కట్టేశానని చెప్పను. గొంతు మాత్రం తీసేశాను. ఆ రాత్రంతా బొమ్మలు కదులుతూనే ఉన్నాయి.

ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటాక నెమ్మదించింది. లంకల వాళ్ళు చాలా నష్టపోయారు, మా గట్టు నిలిచింది. వారం తర్వాత దారులు తేరుకున్నాక వెళ్ళాను. అమ్మ రేవులో ఉంది. నన్ను కాళ్ళు కడుక్కోమంది. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు ముంచుకుంటుంటే గోడకి ఆ ఏటి క్యాలెండరు, దాని వెనకాల పాతది కూడా అదే మేకుకి కనపడింది. ఊరికే తిప్పాను. 2021 మే. పాల లెక్క, గ్యాస్ వచ్చిన తేదీ. వాటి పక్కనే చిన్న చిన్న అంకెలు: 95, 94, 94, 92. తర్వాత గడిలో 91. దాని మీద పెన్నుతో దిద్ది దిద్ది కాగితం చిరిగింది. ఆ చిరుగు చుట్టూ కుంకుమ వేలితో నలిపినట్టు ఎర్రగా ఉంది. తర్వాత 92, 94, 96.

క్యాలెండరు మళ్ళీ అలాగే తగిలించి రేవుకెళ్ళాను. అమ్మ కొబ్బరి ఈనెల చీపురుతో మెట్ల మీద ఒండ్రు తోస్తోంది. ఆరు మెట్లు బయటపడ్డాయి. ఏడోదాని మీద నీళ్ళు సన్నగా ఆడుతున్నాయి. నన్ను చూసి చీపురు పక్కన పెట్టి, కొంగున ముడేసిన భరిణె విప్పి నా చేతిలో పెట్టింది.

"నువ్వు ఇచ్చిరా. మెట్లు జారతాయి, చూసుకు దిగు."